బయోటెక్ ఫ్రెషర్‌కి పని నేర్పే ఖర్చు ఎవరిది? కంపెనీదా, కాలేజీదా, మన జేబుదా?

సీమ_మైక్రో

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటూ బెంగళూరు వచ్చాను, హెబ్బగోడిలో పీజీలో ఉంటున్నాను. బొమ్మసంద్ర, జిగణి, ఎలక్ట్రానిక్ సిటీ, ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్లినా అడిగేది ఒకటే, జీఎంపీ (మందుల తయారీకి పెట్టిన నాణ్యతా నియమాలు) పాటించే ప్లాంట్‌లో పనిచేసిన అనుభవం ఉందా అని. లోపలికి రానిస్తేనే కదా అనుభవం వచ్చేది?

ఈ మధ్య ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ నుంచి ఫోన్ వచ్చింది. మూడు నెలల కోర్సు, అప్‌స్ట్రీమ్ (కణాలు పెంచడం), డౌన్‌స్ట్రీమ్ (మందుని శుద్ధి చేయడం), క్యూసీ (పరీక్షలు), క్యూఏ (నాణ్యత పర్యవేక్షణ) అన్నీ నేర్పిస్తారట, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అట, ఫీజు ఎనభై వేలు. వెళ్లి చూశాను. రెండు గదులు, ఒక ప్రొజెక్టర్, మూలన ఒక పాత హెచ్‌పీఎల్‌సీ మెషీన్ (శాంపిల్‌లో ఏముందో పరీక్షించేది). కణాలు పెంచే బయోరియాక్టర్ ఎక్కడుందని అడిగితే వీడియోల్లో చూపిస్తాం అన్నారు. గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకోవడం ఇది. అయినా మా పీజీలో ఇద్దరు అమ్మాయిలు అక్కడ చేరారు, ఎందుకంటే ఆ సర్టిఫికెట్ లేకపోతే రెజ్యూమే తెరిచి కూడా చూడరని వాళ్ల భయం. మా నాన్న అప్పు తెచ్చి ఇస్తానంటున్నారు.

నా వాదన సూటిగా చెప్తాను. ఐదేళ్లు చదివాం, ఫీజులు కట్టాం. ఆ తర్వాత ప్లాంట్‌లో పని నేర్పాల్సింది, నేర్పినన్నాళ్లూ జీతం ఇవ్వాల్సింది కంపెనీయే. లాభం వాళ్లది కాబట్టి ఖర్చూ వాళ్లదే. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

అప్‌స్ట్రీమ్_అన్న

ముందు ఒక మాట తల్లీ, ఆ ఎనభై వేలు మాత్రం కట్టకు. బయోరియాక్టర్ లేనిచోట అప్‌స్ట్రీమ్ నేర్పడం కుదరదు, మా ఇంటర్వ్యూ ప్యానెల్‌లో ఆ సర్టిఫికెట్లను పక్కన పెట్టేస్తాం. అంతవరకు నీ వైపే.

కానీ మొత్తం కంపెనీయే నేర్పాలి అంటే ఒప్పుకోను. నేను బొమ్మసంద్ర వైపు ఒక ప్లాంట్‌లో షిఫ్ట్ చూస్తాను. మా దగ్గర సీహెచ్‌ఓ కణాలతో (హ్యామ్‌స్టర్ అనే జంతువు నుంచి వచ్చినవి) మందుగా వాడే యాంటీబాడీ తయారవుతుంది. ఫ్రీజర్‌లోంచి ఒక చిన్న వయల్ తీసి కరిగించి, ఫ్లాస్కులో, తర్వాత చిన్న బ్యాగుల్లో, ఆ తర్వాత పెద్ద రియాక్టర్‌లో పెంచుకుంటూ పోవడానికే వారాలు పడుతుంది. చివరి రియాక్టర్‌లో ఇంకో పన్నెండు, పద్నాలుగు రోజులు. ఇంత చేశాక శాంపిల్ తీసే దగ్గర ఒక్క కనెక్షన్ సరిగ్గా పెట్టకపోతే బ్యాక్టీరియా దూరుతుంది. సీహెచ్‌ఓ కణం రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు, బ్యాక్టీరియాకి అరగంట చాలు. తెల్లారేసరికి ఆక్సిజన్ గ్రాఫ్ పడిపోతుంది, మొత్తం పారబోయడమే. నష్టం కోట్లలో ఉంటుంది, దాంతోపాటు డీవియేషన్ (పద్ధతి ఎక్కడ తప్పిందో రాసే) రిపోర్టు, దర్యాప్తు, తర్వాతి బ్యాచ్ ఆలస్యం. అలాంటి చోట అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన పిల్లాడిని ఎలా నిలబెడతాం?

అందుకే కొత్తవాళ్లకి మొదట ఎస్‌ఓపీలు (ప్రతి పనీ ఎలా చేయాలో రాసిన పద్ధతులు) చదవడం, తర్వాత గౌనింగ్ (క్లీన్ రూమ్ డ్రస్సు వేసుకోవడం), తర్వాత పక్కన నిలబడి చూడడం, ఆ తర్వాతే మా కళ్ల ముందు చేయి వేయడం. ఒంటరిగా షిఫ్ట్ చూసుకోగలిగేసరికి ఆరు నెలలు దాటుతుంది. అన్నాళ్లూ జీతం ఇస్తున్నాం, పైగా నేర్పే సీనియర్ పని సగం ఆగిపోతుంది. ఏడాది తిరిగేసరికి ఆ అబ్బాయి హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఇంకో కంపెనీకి, లేకపోతే ఐర్లండ్‌కి వెళ్లిపోతాడు. నేర్పినవాళ్లకి ఏం మిగిలింది?

ఇంకోటి. మొన్న ఒక ఇంటర్వ్యూలో గోల్డ్ మెడల్ వచ్చిన అబ్బాయిని అడిగాను, 0.5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 10 లీటర్లు కావాలి, ఎన్ని గ్రాములు తూచాలి అని. అణుభారం 40 అని నేనే చెప్పాను. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు, రాలేదు. 200 గ్రాములు. ఇది కూడా కంపెనీయే నేర్పాలా?

మాస్టారు_గుంటూరు

అప్‌స్ట్రీమ్ గారూ, ఆ అబ్బాయికి లెక్క రాకపోవడం మా తప్పే, దాన్ని సమర్థించను. కానీ ఎందుకు రాలేదో మీకు తెలియాలి.

నేను డిగ్రీ, పీజీ స్థాయిలో చాలా ఏళ్లు బయోటెక్ చెప్పాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక 3 లీటర్ల ఫెర్మెంటర్ ఉండేది. ఒక గ్రాంటులో వచ్చింది. మొదటి రెండేళ్లు బాగానే నడిపాం, ఈస్ట్ పెంచాం, పిల్లలు వంతులవారీగా రాత్రి కూడా ఉండి రీడింగులు తీశారు. తర్వాత దాని పీహెచ్ ప్రోబ్ చెడిపోయింది. గాజు ప్రోబ్, ఆటోక్లేవ్‌లో పెట్టీ పెట్టీ కొన్నాళ్లకి ఎలాగూ పోతుంది, మార్చుకుంటూ ఉండాల్సిన వస్తువు. గ్రాంటులో మెషీన్ కొనడానికి డబ్బుంది, ప్రోబ్ మార్చడానికి పద్దు లేదు. ఫైలు పెట్టాను, తిరిగింది, ఆగింది. ఆ తర్వాత ఫెర్మెంటర్ మీద గుడ్డ కప్పి పెట్టారు, తనిఖీ కమిటీ వచ్చిన రోజున గుడ్డ తీసి తుడిచేవారు. పిల్లలు దాన్ని చూసి బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నారు.

ల్యాబ్ అటెండర్ పోస్టు ఖాళీ. పాఠాలు చెప్పేవాళ్లలో సగం మంది గెస్ట్ ఫ్యాకల్టీ, వాళ్లకి గంటల లెక్కన డబ్బు. ప్రాక్టికల్ బ్యాచ్‌కి ఒక మైక్రోపిపెట్‌ని ఎంతమంది పట్టుకుంటారో మీరే ఊహించండి. సొల్యూషన్లు ముందే అటెండరో మేమో చేసి పెడతాం, ఎందుకంటే పిల్లలు చేస్తే కెమికల్ వృథా అవుతుందని పైనుంచి మాట వస్తుంది. అలా పెరిగిన పిల్లాడు 200 గ్రాములు ఎక్కడ తూచి ఉంటాడు?

పరిశ్రమ వాళ్లని ఎన్నోసార్లు అడిగాం, మా పిల్లల్ని ప్లాంట్ చూడనివ్వండి అని. ఇండస్ట్రియల్ విజిట్ అంటే ఆడిటోరియంలో కంపెనీ గురించి వీడియో, కారిడార్‌లో అద్దంలోంచి దూరంగా తెల్ల డ్రస్సులు, క్యాంటీన్‌లో భోజనం. అంతే. అసలు పని చేసి చూపించేది ఎవరు?

అప్‌స్ట్రీమ్_అన్న

మాస్టారూ, క్లీన్ రూమ్‌లోకి యాభై మందిని ఎలా రానిస్తామండీ? మేమే లోపలికి వెళ్లాలంటే గౌనింగ్‌లో పాసవ్వాలి. స్టెరైల్ ఏరియాకి అయితే డ్రస్సు వేసుకున్నాక ఛాతీ మీద, ముంజేతుల మీద, గ్లవ్స్ వేళ్ల మీద సూక్ష్మజీవులు పెరిగే ప్లేట్లు నొక్కి తీసి ఇంక్యుబేటర్‌లో పెడతారు, కాలనీలు పరిమితి దాటితే ఫెయిల్, మళ్లీ మొదటినుంచి. చాలాచోట్ల వరుసగా మూడుసార్లు పాసైతేనే అనుమతి. మీ ఫెర్మెంటర్ కథ మాత్రం బాధ కలిగించింది సర్. మా దగ్గర పక్కన పడేసే ప్రోబుల్లో కాలేజీకి పనికొచ్చేవి కొన్ని ఉంటాయి, వాటిని బయటికి ఇచ్చే పద్ధతి లేదు, అడిగి చూస్తాను.

ఫేజ్2_ఐటీ

నేనూ బీటెక్ బయోటెక్నాలజీయే. రెండేళ్లు తిరిగి, ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. కంపెనీయా కాలేజీయా అని కొట్టుకోవడం అనవసరం, ఈ ఫీల్డ్‌లో మొదటి జీతమే తక్కువ. చెల్లీ, టైమ్ వేస్ట్ చేసుకోకు, వచ్చెయ్.

క్యూఏ_బెంగళూరు

అందరికీ అదే దారి చూపిస్తే రేపు మీ ఇంట్లోవాళ్లకి ఇన్సులిన్ ఎవరు తయారుచేస్తారు బ్రదర్? జీతం సంగతి నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఈ అమ్మాయి అడిగింది వేరు.

నేను ఈ రంగంలో క్వాలిటీ వైపు చాలాకాలంగా ఉన్నాను, ట్రైనింగ్ రికార్డులు చూడడం నా రోజువారీ పని. అప్‌స్ట్రీమ్ గారు కంపెనీ భరిస్తున్న ఖర్చు గురించి చెప్పారు. అది కంపెనీ దయతో పెడుతున్న ఖర్చు కాదండీ, చట్టం పెట్టించే ఖర్చు. అమెరికా మార్కెట్‌కి మందు పంపాలంటే 21 సీఎఫ్ఆర్ 211.25 అనే అక్కడి నిబంధన ఉంది, తయారీలో చేయి పెట్టే ప్రతి మనిషికీ ఆ పనికి తగిన చదువు, ట్రైనింగ్, అనుభవం ఉండాలి, ఆ ట్రైనింగ్ ఒకసారితో ఆగకుండా కొనసాగాలి అని. మన దేశంలో మందుల తయారీ నిబంధనలైన షెడ్యూల్ ఎం కూడా, 2023 డిసెంబరులో సవరించినది, సిబ్బంది ట్రైనింగ్‌ని తయారీదారు మీదే పెడుతుంది. బయట ఎనభై వేల కోర్సు చేసినా, ఎనిమిది లక్షల కోర్సు చేసినా, లోపలికి వచ్చాక మా ఎస్‌ఓపీల మీద మళ్లీ ట్రైన్ చేసి, సంతకాలు తీసుకుని, అసెస్ చేశాకే పని ఇస్తాం. స్టెరైల్ ఫిల్లింగ్‌లో ఉండేవాళ్లు ఏడాదికి కనీసం ఒకసారి మీడియా ఫిల్‌లో (మందు బదులు సూక్ష్మజీవులు పెరిగే ద్రవం నింపి చూసే పరీక్ష) పాల్గొనాలి, పాతికేళ్ల సీనియర్ అయినా సరే. అంటే కంపెనీ ఖర్చు ఎలాగూ తప్పదు. అలాంటప్పుడు అదే పనికి ఆ పిల్ల తండ్రి కూడా ముందే ఒకసారి డబ్బు కట్టడం దేనికి?

ఇక కాలేజీ నుంచి నాకు కావాల్సింది ఫెర్మెంటర్ కూడా కాదు మాస్టారూ. రికార్డు.

మన ప్రాక్టికల్ రికార్డు ఎలా రాస్తామో గుర్తు చేసుకోండి. రీడింగు రఫ్ కాగితం మీద. సీనియర్ రికార్డు తెచ్చుకుని, అందులో విలువ ఎంత ఉందో చూసి, మనకి తేడాగా వస్తే ఆ విలువ దగ్గరికి సర్ది, వారం తర్వాత ఇంట్లో కూర్చుని నీట్‌గా, కొట్టివేతలు లేకుండా ఫెయిర్ చేసి, ఒకే రోజున పది ప్రయోగాలకి సంతకం చేయించుకుంటాం. కొట్టివేత ఉంటే మార్కులు తగ్గుతాయి. టైట్రేషన్ విలువ పక్కవాడితో సరిపోలకపోతే వైవాలో అక్షింతలు.

ఇప్పుడు అదే పిల్ల మా దగ్గర చేరుతుంది. రాత్రి షిఫ్ట్‌లో ట్యాంక్ ఉష్ణోగ్రత గంటగంటకీ బ్యాచ్ రికార్డులో రాయాలి. రెండు గంటలకి వేరే పనిలో ఉండి చూడలేదు. మూడింటికి చూస్తే 37.0 ఉంది. ఆ పిల్ల ఏం చేస్తుంది? రెండింటి గడిలో కూడా 37.0 వేసేస్తుంది, ఖాళీగా ఉంటే బాగోదని. చెడ్డ పిల్లేమీ కాదు, ఐదేళ్లు మనం నేర్పింది అదే. కానీ సిస్టమ్‌లో ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం చేశారనే జాడ) ఉంటుంది, గేట్ లాగ్ ఉంటుంది, ఆ సమయానికి ఆ గదిలో మనిషి లేదని తెలిసిపోతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ కంటపడితే, తనిఖీలో దొరికిన లోపాలు రాసే 483 ఫారంలో డేటా ఇంటిగ్రిటీ (రికార్డుల నిజాయితీ) అబ్జర్వేషన్ వస్తుంది. ఒక్కసారి ఆ మాట పడిందంటే ఆ ప్లాంట్ నుంచి వచ్చిన ప్రతి అంకెనీ అనుమానంగానే చూస్తారు. అదే ఆ పిల్ల గడి ఖాళీగా వదిలి, చూడలేదు అని నిజం రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి సూపర్‌వైజర్‌కి చెప్తే అది చిన్న డీవియేషన్. మాట్లాడుకుని సరిచేసుకుంటాం.

తప్పు పడితే ఒక్క గీత గీసి, కింద అంకె కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం. చూసినప్పుడే రాయడం, రఫ్ కాగితం లేకపోవడం. ఇది నేర్పడానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు. కొట్టివేత ఉన్న రికార్డుకి మార్కులు తగ్గించకండి, సర్దిన రికార్డుకి తగ్గించండి. మా ట్రైనింగ్‌లో ఎక్కువ కాలం పోయేది ఈ అలవాటు మాన్పించడానికే.

మాస్టారు_గుంటూరు

అమ్మా, మీ మాటకి అడ్డు చెప్పలేను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లి కొట్టివేతల్లేని రికార్డులకే పూర్తి మార్కులు వేసినవాళ్లే అంతటా. ఇది సిలబస్ మార్చకుండానే మార్చవచ్చు. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు హెచ్‌ఓడీలకి మీ పోస్టు పంపుతాను.

అయితే అప్‌స్ట్రీమ్ గారికి ఒక చరిత్ర గుర్తు చేయాలి. 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ మొదలైనప్పుడు మన దగ్గర రీకాంబినెంట్ (జన్యువు మార్చిన కణాలతో చేసే) టీకా చేసిన అనుభవం ఉన్నవాళ్లు ఎవరున్నారు? దాన్ని పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. మొదట ఉస్మానియా యూనివర్సిటీ ల్యాబులో, ఆ తర్వాత సీసీఎంబీ పరిశోధన సంస్థలో చోటు తీసుకుని, యువ సైంటిస్టులతో పని మొదలుపెట్టారు. 1997లో హెపటైటిస్ బి టీకా బయటికి వచ్చింది. అక్కడ బెంగళూరులో కిరణ్ మజుందార్-షా గారు ఆస్ట్రేలియాలో బ్రూయింగ్ చదివి వచ్చి, ఐర్లండ్‌లోని కార్క్‌లో ఒక ఎంజైముల కంపెనీలో ట్రైనీ మేనేజర్‌గా పని నేర్చుకున్నాకే 1978లో బయోకాన్ పెట్టారు. ఈ పరిశ్రమ పుట్టిందే కొత్తవాళ్లకి ఎవరో ఒకరు లోపల పని నేర్పబట్టి. ఇప్పుడు పెద్దదయ్యాక తలుపు దగ్గర అనుభవం అడగడం న్యాయమా?

డబ్లిన్_తెలుగు

ఐర్లండ్ పేరు వచ్చింది కాబట్టి చెప్తాను. నేను బెంగళూరులో డౌన్‌స్ట్రీమ్ చేసి ఇక్కడికి వచ్చాను. ఇక్కడ ఎన్‌ఐబీఆర్‌టీ అని ఒక బయోఫార్మా శిక్షణ సంస్థ ఉంది, 2011లో తెరిచారు, డబ్బు పెట్టింది ప్రభుత్వం. నిజమైన ప్లాంట్‌లాగే కట్టారు, రియాక్టర్లు, క్రొమటోగ్రఫీ స్కిడ్లు (మందుని శుద్ధి చేసే యంత్రాలు), ఫిల్లింగ్ లైన్, గౌనింగ్ గదులు, అన్నీ. కానీ అక్కడ తయారయ్యేది ఏదీ రోగికి వెళ్లదు. కాబట్టి తప్పు చేయొచ్చు, పంపు ఆగిపోతే ఏం జరుగుతుందో చేసి చూడొచ్చు. ఉద్యోగం లేనివాళ్లకి స్ప్రింగ్‌బోర్డ్ అనే ప్రభుత్వ పథకం కింద ఫీజు లేని బయోఫార్మా కోర్సులు ఉన్నాయి. కెమిస్ట్రీ చదవనివాళ్లు, వేరే ఫ్యాక్టరీల్లో పనిచేసి వచ్చినవాళ్లు కూడా మారారు. కంపెనీలు కూడా డబ్బు కట్టి తమ వాళ్లని అక్కడికే పంపుతాయి.

అమెరికాలో నార్త్ కరొలినా ఇంకా ఆసక్తికరం. అది పొగాకు రాష్ట్రం, మన గుంటూరు, ప్రకాశంలా. సిగరెట్ కంపెనీలు 1998లో రాష్ట్రాలతో కేసులు తేల్చుకున్న ఒప్పందంలో కట్టిన డబ్బులో కొంత భాగంతో ఒక ఫౌండేషన్ పెట్టి, ఆ ఫౌండేషన్ గ్రాంటుతో అక్కడి స్టేట్ యూనివర్సిటీలో బీటెక్ అనే శిక్షణ ప్లాంట్ కట్టారు (మన బీటెక్ డిగ్రీ కాదు, ఆ కేంద్రం పొట్టి పేరు), 2007లో తెరిచారు. కింద కమ్యూనిటీ కాలేజీల్లో ఆపరేటర్లకి వేరే కోర్సు. పొగాకు మీద బతికిన ఊళ్ల పిల్లలకి కొత్త బతుకు చూపించడానికి ఆ ఫౌండేషన్ పెట్టారు.

అందుకే ప్రశ్నని కంపెనీ, కాలేజీ, జేబు అని మూడు ముక్కలు చేయడం దగ్గరే పొరపాటుంది. నాలుగోది ఉంది, అందరూ వాడుకునే శిక్షణ ప్లాంట్, ప్రభుత్వం కట్టాలి, కంపెనీలు నడిపే ఖర్చు పంచుకోవాలి. అప్పుడు నేర్పినవాడు వెళ్లిపోయాడనే బాధ ఏ ఒక్క కంపెనీకీ ఉండదు.

క్యూఏ_బెంగళూరు

కర్ణాటకలో ఆ దిశలో కొంత జరగకపోలేదు. 2001లో బెంగళూరులో ఐబీఏబీ అనే బయోఇన్ఫర్మాటిక్స్ సంస్థ వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం, ఐసీఐసీఐ కలిసి పెట్టినది, ఆ వైపు (జీవశాస్త్ర డేటాని కంప్యూటర్‌తో విశ్లేషించడం) దాని పిల్లలు బాగా నిలదొక్కుకున్నారు. తర్వాత రాష్ట్రం, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) కలిసి బయోటెక్ ఫినిషింగ్ స్కూళ్లు పెట్టాయి, అవే తర్వాత బైసెప్ పేరుతో నడిచాయి, కొంత భాగం క్లాసు, కొంత భాగం పరిశ్రమలో ఇంటర్న్‌షిప్. బయోకాన్ అకాడమీ కాలిఫోర్నియాలోని కెక్ గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి 16 వారాల కోర్సు నడిపింది. ఇవన్నీ మంచివే, కానీ సీట్లు తక్కువ, ఏటా బయటికి వచ్చే పిల్లలు ఎక్కువ. మిగిలినవాళ్లంతా ఆ రెండు గదుల ఇన్‌స్టిట్యూట్లకి దొరుకుతున్నారు.

జిగణి_ఆపరేటర్

ఇంతమంది మాట్లాడారు, పని నిజంగా నేర్పేవాడి గురించి ఎవరూ మాట్లాడలేదు.

నేను బీఎస్సీ, చిత్తూరు జిల్లా, జిగణిలో డౌన్‌స్ట్రీమ్‌లో ఉన్నాను. థర్డ్ పార్టీ పేరోల్. ఏళ్లు గడుస్తున్నాయి, ఏజెన్సీ పేరు మారుతుంది, నా కుర్చీ మారదు. యాంటీబాడీని పట్టి ఉంచే ప్రొటీన్ ఏ రెసిన్ లీటరు లక్షల్లో ఉంటుంది, అది నింపిన కాలమ్‌లోకి గాలి పోతే రెసిన్ బెడ్ పగులుతుంది. స్కిడ్ మీద ప్రెజర్ అంకె ఎలా కదులుతుందో చూసి, బబుల్ ట్రాప్ దగ్గర లెవెల్ ఎంతుందో చూసి, అలారం రాకముందే పంపు ఆపడం ఎస్‌ఓపీలో రాసి ఉండదు. ట్రైనీలు వచ్చినప్పుడు నా పక్కనే నిలబెడతారు. ఎమ్మెస్సీ, ఎంటెక్ చదివినవాళ్లు. ఆ అంకె ఎక్కడ చూడాలో, హోస్ క్లాంప్ బిగించేటప్పుడు గాస్కెట్ సరిగ్గా కూర్చుందో లేదో వేలితో ఎలా తెలుసుకోవాలో నేను చూపిస్తాను. ట్రైనింగ్ రికార్డులో ట్రైనర్ అని ఇంకొకరి సంతకం ఉంటుంది, ఎందుకంటే కాంట్రాక్ట్ వాడు ట్రైనర్‌గా ఉండకూడదట. ఏడాది తర్వాత ఆ ట్రైనీ పర్మనెంట్, నాకు పైఅధికారి.

నేర్పినవాళ్లకి ఏం మిగిలింది అని పైన అన్న అడిగారు. అదే ప్రశ్న నాది కూడా అన్నా. సీమ చెల్లెలికి కంపెనీ డబ్బు ఇచ్చి నేర్పాలి, నేను ఒప్పుకుంటాను, కానీ నేర్పినవాడికి ట్రైనర్ అనే పేరు, దానికి తగిన డబ్బు కూడా ఇవ్వాలి. డిగ్రీ ఉన్నవాడికే నేర్చుకునే హక్కు, లేనివాడికి నేర్పే డ్యూటీ అంటే ఎలా?

అప్‌స్ట్రీమ్_అన్న

తమ్ముడూ, కాదనలేను. మా షిఫ్ట్‌లో కూడా ఇదే జరుగుతోంది. క్యూఏ మేడమ్, ట్రైనర్‌గా వేరేవాళ్ల సంతకం పెట్టడం కూడా డేటా ఇంటిగ్రిటీ కిందికే వస్తుంది కదా?

క్యూఏ_బెంగళూరు

వస్తుంది. ఎవరు నేర్పారో వాళ్ల పేరే ఉండాలి. క్వాలిఫై చేస్తే కాంట్రాక్ట్ ఉద్యోగి కూడా ట్రైనర్ కావచ్చు, నాకు తెలిసిన ఏ నిబంధనా వద్దనదు. అది కంపెనీలు తమకోసం పెట్టుకున్న గీత.

హెచ్‌ఆర్_వైపు

నేను ఈ రంగంలోనే రిక్రూట్‌మెంట్ చూస్తాను, అందరికీ నచ్చకపోయినా చెప్తాను. కంపెనీ పూర్తి ఖర్చు పెట్టి నేర్పాలంటే బాండ్ ఒప్పుకోవాలి. రెండేళ్లు ఉండండి, మధ్యలో వెళ్తే ట్రైనింగ్ ఖర్చు ఇచ్చి వెళ్లండి. ఇందులో అన్యాయం ఏముంది? 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు కూడా, మూడేళ్లు నిండకుండా వెళ్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. రెండు వైపులా బాధ్యత ఉంటేనే ఏ కంపెనీ అయినా ఫ్రెషర్ల మీద డబ్బు పెడుతుంది.

క్యూఏ_బెంగళూరు

ఆ తీర్పు నేనూ చదివాను. అక్కడ ఉన్నది ప్రభుత్వ రంగ బ్యాంకు, నియామకానికి పెద్ద ప్రక్రియ, వెళ్లిన ఆయన మంచి జీతం ఉన్న సీనియర్ మేనేజర్, ఆయన జీతంతో పోలిస్తే ఆ మొత్తం ఎక్కువేమీ కాదని కోర్టు చూసింది. నెలకి పద్దెనిమిది వేలు తెచ్చుకునే ఫ్రెషర్‌కి 2 లక్షలంటే ఏడాది జీతానికి దగ్గర. పైగా ఈ ఊళ్లో కొన్నిచోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకుంటున్నారు. ఎవరైనా ఒరిజినల్స్ ఇవ్వమంటే ఇవ్వకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి.

బాండ్ పెట్టాలంటే నేర్పడానికి ఎంత ఖర్చయిందో లెక్క చూపించాలి, ఉన్న నెలల కొద్దీ ఆ మొత్తం తగ్గుతూ రావాలి. ఎస్‌ఓపీలు చదివించడాన్ని కూడా ట్రైనింగ్ ఖర్చని వేస్తే ఒప్పుకోను, అది మీ లైసెన్సు నిలబెట్టుకోవడానికి మీరు చేసుకునే పని.

హెచ్‌ఆర్_వైపు

తగ్గుతూ రావాలి అన్నది ఒప్పుకుంటాను. ఒరిజినల్స్ విషయం కూడా. కానీ లెక్క బయటపెట్టాలి అంటే ఏ మేనేజ్‌మెంటూ ఒప్పుకోదు మేడమ్. రేపు ప్రతి ఉద్యోగీ దాన్ని పట్టుకుని బేరం ఆడతాడు.

క్యూఏ_బెంగళూరు

ఆడనివ్వండి. రెండు లక్షలు కట్టాల్సి వచ్చేవాడికి అడిగే హక్కు ఉంది.

సీమ_మైక్రో

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. ఇన్‌స్టిట్యూట్‌కి డబ్బు కట్టడం లేదు, నాన్నకి ఫోన్ చేసి అప్పు తీసుకోవద్దని చెప్పేశాను. ఆపరేటర్ అన్నా, మీరు రాసింది మా పీజీలో అందరికీ చదివి వినిపించాను, మాకు ఎవరూ చెప్పని విషయం.

అక్కా, మరి నాలాంటివాళ్లం ఇప్పుడు ఏ దారి పట్టాలి? ప్రభుత్వం శిక్షణ ప్లాంట్ కట్టేదాకా ఆగలేం కదా.

క్యూఏ_బెంగళూరు

అప్రెంటిస్‌షిప్ చూడమ్మా. చాలామంది ఐటీఐ వాళ్లకే అనుకుంటారు, డిగ్రీ ఉన్నవాళ్లకీ ఉంది. 1961 అప్రెంటిస్ చట్టం కింద 30 మంది, ఆపైన ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి. అందులో కాంట్రాక్టు వాళ్లు కూడా లెక్కకి వస్తారు. 2019లో సవరించిన నిబంధనల్లో గ్రాడ్యుయేట్‌కి కనీస స్టైపెండ్ నెలకి 9 వేలుగా పెట్టారు. ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసుకుని, కంపెనీ పేరుతో వెతుకు. కాంట్రాక్టు నీకూ ఆ కంపెనీకీ మధ్య ఉండాలి, పోర్టల్‌లో నమోదు అయి ఉండాలి. మధ్యలో ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు అంటే అక్కడే ఆపెయ్, అప్రెంటిస్ దగ్గర డబ్బు తీసుకోవడం అనేదే లేదు. చేరేముందు ఏ డిపార్ట్‌మెంట్‌లో వేస్తారో రాతపూర్వకంగా అడుగు, లేకపోతే ఏడాదంతా స్టోర్స్‌లో లేబుళ్లు అంటించే పనిలో పెడతారు.

డీబీటీ తరఫున బీసీఐఎల్ అనే సంస్థ నడిపే బీఐటీపీ అనే ట్రైనింగ్ పథకం కూడా ఉంది, 1990ల నుంచి వస్తున్నది, ఆరు నెలలు కంపెనీలోనే స్టైపెండ్‌తో ట్రైనింగ్. ఏ సంవత్సరం ప్రకటన పడుతుందో కనిపెట్టుకుని ఉండాలి.

సీమ_మైక్రో

9 వేలంటే కష్టం అక్కా. పీజీకే ఎనిమిది వేలు కడుతున్నాను, హెబ్బగోడిలో మెట్రో వచ్చాక ఇంకా పెంచారు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగినవాళ్లే అప్రెంటిస్‌గా ఉండగలరు. అప్పుడు అది కూడా జేబులోంచి కట్టినట్టే అవుతుంది కదా?

జిగణి_ఆపరేటర్

అవుతుంది. మా ఊరి పిల్ల ఒకతి ఇందుకే మధ్యలో మానేసి వెళ్లిపోయింది.

హెచ్‌ఆర్_వైపు

9 వేలు కనీసం మాత్రమే, ఎక్కువ ఇవ్వకూడదని లేదు. స్టైపెండ్‌లో పావు వంతు, నెలకి గరిష్ఠంగా 1,500 దాకా కేంద్రం ఇచ్చే పథకం 2016 నుంచి ఉంది. దానికోసం కాగితాలు పెట్టే ఓపిక లేక చాలా కంపెనీలు వదిలేస్తున్నాయి. బెంగళూరు అద్దెలకి 15 వేలైనా లేకపోతే బయటి ఊళ్లవాళ్లు నిలబడలేరు, ఆ విషయంలో నేను అమ్మాయి వైపే. బాండ్ విషయంలో కాదు.

అప్‌స్ట్రీమ్_అన్న

మా ప్లాంట్‌లో అప్రెంటిస్‌కి ఇచ్చేది 9 కంటే ఎక్కువే, క్యాంటీన్, బస్సు ఉంటాయి. హాస్టల్ లేదు. తల్లీ, నాకు మెసేజ్ పెట్టు, మా ట్రైనింగ్ వాళ్లు ఈ నెలలో అప్‌స్ట్రీమ్‌కి తీసుకుంటున్నారు, ఇంటర్వ్యూలో సొల్యూషన్ల లెక్కలు తప్పకుండా అడుగుతారు, చూసుకుని రా. ఈ థ్రెడ్‌లో ఉన్న మిగతా కంపెనీలవాళ్లు కూడా మీ దగ్గర అప్రెంటిస్‌కి ఎంత ఇస్తున్నారో, ఏ డిపార్ట్‌మెంట్‌లో వేస్తున్నారో, కంపెనీ పేరు లేకపోయినా సరే, కింద రాయండి.

డౌన్‌టౌన్_క్యూసీ

క్యూసీ మైక్రో, అప్రెంటిస్‌కి 14 వేలు. మొదటి నెల నుంచే ఎన్విరాన్‌మెంటల్ మానిటరింగ్ ప్లేట్లు (గదిలో సూక్ష్మజీవులు ఉన్నాయో చూసేవి) పెట్టనిస్తారు. రాత్రి షిఫ్ట్ ఉంది.

బొమ్మసంద్ర_ఫిల్

ఫిల్ ఫినిష్ (మందు వయల్స్‌లో నింపే విభాగం), 11 వేలు. బస్సు ఉంది, భోజనం ఒక పూట. మొదటి మూడు నెలలు విజువల్ ఇన్‌స్పెక్షన్‌లోనే కూర్చోబెడతారు, అడిగితే తప్ప మార్చరు.